సిరా తిన్న గుమ్మం: పాంథియన్ చిత్రం ఒకదానికి చేసిన చికిత్స

ఆ కాగితం నా బల్ల మీదికి వచ్చేసరికే మధ్యలో బియ్యపు గింజంత కంత ఉంది. దాని చుట్టూ ఊపిరి గట్టిగా వదిలితే రాలిపోయేలా పెచ్చులు. కంత పడింది చిత్రం మొత్తంలో అన్నిటికన్నా నల్లని చోట, రోములోని ప్రాచీన దేవాలయం పాంథియన్ ముఖద్వారం లోపలి చీకటిలో. 16వ శతాబ్దంలో ఎవరో ఒకాయన కలంతో అడ్డంగా, నిలువుగా, ఏటవాలుగా గీతల మీద గీతలు గీసి ఆ చీకటిని నింపాడు. గీతలు కలిసిన ప్రతిచోటా సిరా మందంగా చేరింది. చేరిన సిరా ఆ తరువాత తీరిగ్గా కాగితాన్ని తినడం మొదలుపెట్టింది.

నేను రోములో పాత కాగితాలను బాగుచేసే పనిలో ఉన్నాను. పుస్తకాలు, ఉత్తరాలు, పటాలు వస్తుంటాయి. ఇలాంటి చిత్రాలు అప్పుడప్పుడు వస్తాయి. ఇది ఒక కుటుంబం సొత్తు. యజమాని పెద్దాయన, తన పేరు రాయవద్దని కోరారు. కేసు పూర్తికావడానికి ఎనిమిది నెలలు పట్టింది. చేతులతో చేసిన పని మాత్రం లెక్క వేస్తే మూడు వారాలు దాటదు. మిగతాదంతా చూడటం, ఆగడం, మనసు మార్చుకోవడం.

కాగితం మీద ఏముంది

కొలతలు 268 × 391 మిల్లీమీటర్లు. గోధుమరంగుకు తిరిగిన సిరాతో కలం గీతలు, నీడల్లో కుంచెతో పూసిన పలచని రంగు. విషయం పాంథియన్ లోపలి గోడ. గర్భాలయం వైపున నిలబడి ముఖద్వారం వైపు చూస్తే కనబడే దృశ్యం.

రోము చూడనివారి కోసం నాలుగు మాటలు. పాంథియన్ ముఖభాగం మీద అక్కడ మొదటి గుడి కట్టించిన అగ్రిప్ప పేరు చెక్కి ఉంటుంది కాని, ఇప్పుడు నిలిచి ఉన్న కట్టడం 2వ శతాబ్దంలో హాడ్రియన్ చక్రవర్తి కాలంలో పూర్తయినది. 609లో చర్చిగా మారింది కాబట్టి బతికిపోయింది. లోపల గుండ్రని హాలు. అడ్డుకొలత 43.3 మీటర్లు, నేల నుంచి గుమ్మటం నడినెత్తిన ఉన్న కన్ను (గుండ్రని రంధ్రం) దాకా ఎత్తు కూడా దాదాపు అంతే. చుట్టూ గోడలో ద్వారంతోను, దానికి ఎదురుగా ఉన్న గర్భాలయంతోను కలిపి ఎనిమిది పెద్ద ఖాళీలు. మిగిలిన ఆరింటికీ ముందు రెండేసి స్తంభాలు. పెద్ద గూడుకూ పెద్ద గూడుకూ నడుమ గోడకు ఆనించి కట్టిన చిన్న మందిరం ఒకటి. వీటన్నిటి పైన ఒక నడిమి అంతస్తు, దాని పైన గుమ్మటం.

ఈ కాగితం ఇటలీ మహాచిత్రకారుడు రఫాయెల్ గీసినదని యజమాని ఇంట్లో మూడు తరాలుగా చెప్పుకుంటున్నారు. ఆ నమ్మకం ఎక్కడ పుట్టిందో ఊహించడం కష్టం కాదు. ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో 164 A అనే సంఖ్యతో రఫాయెల్ చిత్రం ఒకటి ఉంది. 1506 ప్రాంతానిదిగా లెక్కిస్తారు. అదీ పాంథియన్ లోపలి భాగమే, అదీ కలమూ సిరానే. తరువాత కాలంలో దాన్ని చూసి గీసినవారు ఎందరో. రఫాయెల్ 1520లో చనిపోయినప్పుడు సమాధి కూడా పాంథియన్‌లోనే కట్టారు. ఇక కథ అల్లుకోవడానికి ఇంతకన్నా ఏం కావాలి? నా పని మాత్రం కాగితాన్ని నిలబెట్టడం, గీసినవాడి పేరు తేల్చడం కాదు. మొదటి రోజే ఆ మాట చెప్పాను. పెద్దాయన తల ఊపారు, నమ్మినట్టు మాత్రం కనబడలేదు.

మాచికాయ, అన్నభేది, తుమ్మజిగురు

యూరప్‌లో వందల ఏళ్లు చెలామణి అయిన ఈ సిరాలోని సరుకులు మూడూ మన పచారీ కొట్లో దొరికేవే. మాచికాయ అంటే చంటిపిల్లలకు ఉగ్గులో అరగదీసి పోసేదే. నిజానికి అది కాయ కాదు. ఓక్ చెట్టు లేత కొమ్మలో కందిరీగ జాతి పురుగు గుడ్డు పెడితే, దాని చుట్టూ చెట్టు కట్టిన బుడిపె. అందులో నిండా వగరు. ఆ వగరు కషాయంలో అన్నభేది కలిపితే నల్లబడుతుంది. అన్నభేది అంటే ఇనుము, గంధకామ్లం కలిసిన పచ్చని ఉప్పు. కలానికి పట్టుబడటానికి కాస్త తుమ్మజిగురు. గీసినప్పుడు పలచగా ఉండే గీత గాలి తగిలేకొద్దీ నల్లబడి, శతాబ్దాలు గడిచాక గోధుమరంగుకు తిరుగుతుంది. పాత ఇటలీ చిత్రాలన్నీ గోధుమ సిరాతో గీసినట్టు కనబడటానికి ముఖ్య కారణం ఇదే. గీసినవాళ్లు చూసింది నలుపు.

చిక్కు రెండు వైపుల నుంచి వస్తుంది. సిరాలోని ఆమ్లం కాగితపు పీచును తుంచుతుంది. వగరుతో జత కుదరక మిగిలిపోయిన ఇనుము గాలిలోని ప్రాణవాయువుతో కలిసి అదే పీచును కాల్చినంత పని చేస్తుంది. అన్నభేది చెయ్యి జారి ఎక్కువ పడితే రెండూ వేగం పుంజుకుంటాయి. ఆ రోజుల్లో కొలత ఎవరి చేతివాటం వారిది. మన తాళపత్రాల మీద గంటంతో గీరి మసి రుద్దేవారు. మసికి ఆకును తినే గుణం లేదు. మన పెద్దల భయం పురుగుతో, చెమ్మతో. ఇక్కడ దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

చూసినవి

మొదట ఏటవాలు దీపం. కాగితానికి ఒక పక్క నుంచి, బల్లకు దాదాపు సమాంతరంగా వెలుగు పడేలా పెట్టాను. సిరా లేని గీతలు ఒక్కసారిగా లేచి నిలబడ్డాయి. మొనదేలిన లోహపు పుల్లతో, సరిగ్గా మన గంటంలా, రంగు లేకుండా నొక్కి గీసిన నిలువు గీతలు. స్తంభాలకు దారి చూపడానికి ముందుగా వేసుకున్నవి. ద్వారం కమాను మధ్యలో వృత్తలేఖిని ముల్లు దిగిన చుక్క కూడా కనబడింది. మామూలు వెలుతురులో ఇవేవీ కంటికి అందవు. ఈ గీతల గురించి మళ్లీ చెబుతాను. కేసు మలుపు తిరిగింది వీటి దగ్గరే.

తరువాత ఇన్‌ఫ్రారెడ్ కెమెరా. ఇనుప సిరా అందులో పలచబడి మాయమవుతుంది, మసి సిరా నల్లగానే నిలుస్తుంది. చిత్రం చాలావరకు కరిగిపోయింది. కుడివైపు ఒక పెద్ద స్తంభం పైసగం, దాని పక్కన అంచు గీత, ఇంకా అక్కడక్కడ ఏడెనిమిది ముక్కలు మాత్రం నల్లగా అలాగే ఉన్నాయి. అంటే తరువాత కాలంలో ఇంకెవరో మసి సిరాతో ‘బాగు’ చేశారు. పాత చేయి స్తంభానికి నిలువు గాడులు గీసింది, పాంథియన్ పెద్ద గూళ్ల స్తంభాలకు అవి ఉన్నాయి కూడా. కొత్త చేయి వాటిని వదిలేసి నున్నగా గీసింది. కింద గాడులు, పైన నునుపు. ఒకే స్తంభానికి రెండు చేతులు.

ఇక ఇనుము పరీక్ష. బాథోఫెనాంత్రొలీన్ అనే రసాయనం పూసిన చిన్న కాగితపు పట్టీని కొద్దిగా తడిపి సిరా మీద అరనిమిషం ఆనించి తీస్తే, విడి ఇనుము ఉన్నచోట పట్టీ గులాబీ రంగుకు తిరుగుతుంది. ద్వారం చీకటి దగ్గర పట్టీ ముదురు వంగపండు రంగు పట్టింది. ఉపరితలపు ఆమ్లత (pH) కొలిస్తే అక్కడ 4 దగ్గర వచ్చింది. ఈ అంకె 7 కన్నా ఎంత తగ్గితే ఆమ్లం అంత ఎక్కువ.

వీటికి తోడు చిత్రం వెనక మందపాటి అట్ట. బహుశా గోడకు వేలాడదీయడానికి ఎవరో పిండి బంకతో పూర్తిగా అతికించారు. చెమ్మకు అట్ట ఒక తీరుగా సాగుతుంది, గుడ్డపేలికలతో చేసిన పాత కాగితం ఇంకో తీరుగా సాగుతుంది. ఆ లాగుడు భరించలేక సిరా బలహీనపరిచిన చోట పగుళ్లు విచ్చుకున్నాయి. కంత పడటంలో సిరా పాత్ర ఎంతో అట్ట పాత్ర అంత.

స్నానం ఎందుకు చేయించలేదు

ఈ జబ్బుకు బాగా నిరూపణ అయిన మందు ఉంది. నెదర్లాండ్స్‌లో 1990లలో రూపుదిద్దుకున్న పద్ధతి. కాగితాన్ని కాల్షియం ఫైటేట్ ద్రావణంలో ముంచితే ఫైటేట్ విడి ఇనుమును పట్టి కట్టేస్తుంది. తరువాత కాల్షియం బైకార్బొనేట్ ద్రావణం ఆమ్లాన్ని చంపుతుంది. చివర పలచని జెలటిన్ పూత. ఉత్తరాలకు, దస్తావేజులకు నేను ఇది చాలాసార్లు చేశాను. ఫలితం చూసి సంతోషించాను కూడా. ఈ కాగితానికీ అదే చేయాలనుకుని యజమానికి రాసిచ్చిన మొదటి ప్రతిపాదనలో పెట్టాను.

రెండు కారణాలు నన్ను వెనక్కి లాగాయి. తడి దూది మొనతో నీడల్లోని కుంచె పూతను ఒక మూల తాకి చూస్తే దూదికి గోధుమరంగు అంటింది. నీళ్లలో ముంచితే నీడలన్నీ కదులుతాయి. మసి సిరా గీతలూ అంతే. వాటికి విడిగా రక్షణ పూత పూసి నీళ్లలో దించే ఉపాయాలు లేకపోలేదు. కాని నడిసముద్రంలో వాన పడకుండా గొడుగు పట్టినట్టు ఉంటుంది, ఇంత కలగలిసిన చిత్రానికి అది.

రెండో కారణం ఆ గంటం గీతలు. కాగితం తడిస్తే పీచు ఉబ్బుతుంది, ఆరబెట్టేటప్పుడు బరువు కింద పెట్టక తప్పదు. నొక్కుడు గీత అంటే కాగితంలో పడ్డ ఒక లోయ. ఉబ్బి, అణిగాక ఆ లోయ పూడుతుంది. సిరా గీతను ఫొటోలో దాచుకోవచ్చు. ఈ లోయను అలా దాచుకోలేం, ఫొటోలో దాని నీడ మాత్రమే పడుతుంది. గీసినవాడు ముందు ఏం చేశాడో, తరువాత ఏం చేశాడో చెప్పే సాక్ష్యం అదొక్కటే.

సాటివారిలో ఒకరు నాతో గట్టిగా వాదించారు. ‘ఇనుమును కట్టకుండా వదిలితే ఇంకో వందేళ్లకు ద్వారం మొత్తం రాలిపోతుంది. అప్పుడు నీ గంటం గీతలను ఎక్కడ చూపిస్తావు?’ అన్నారు. ఆ మాటలో న్యాయం ఉంది. నా లెక్క వేరు. జబ్బు చిత్రం మొత్తానికి లేదు, ద్వారం చీకటి, రెండు గూళ్ల నీడలు, మొత్తం కలిపి కాగితంలో పదో వంతు కూడా ఉండదు. అట్ట లాగుడు తీసేసి, తేమను అదుపులో పెట్టి, పగిలిన చోట ఆసరా ఇస్తే తినే వేగం చాలా తగ్గుతుంది. స్నానం పదేళ్ల తరువాతైనా చేయించవచ్చు. పూడిన గీతను తిరిగి తవ్వలేం. ప్రతిపాదన మార్చి రాశాను.

అట్ట తీయడం, నా తప్పు ఒకటి

అట్టను వెనక నుంచి పొరలు పొరలుగా పొడిగానే చెక్కుకుంటూ వచ్చాను. స్కాల్పెల్ పట్టుకుని రోజుకు రెండు గంటలు, అంతకు మించితే చెయ్యి వణుకుతుంది. చివరి పొర దగ్గర బంక గట్టిగా పట్టుకుని ఉంది. దాన్ని మెత్తబరచడానికి కొంచెం చెమ్మ కావాలి. నీళ్లు తొందరగా వదలని, జెల్లాన్ అనే పదార్థంతో చేసిన గట్టి జెల్ ముక్కలను చదరాలుగా కోసి ఒక్కొక్కటీ కొన్ని నిమిషాలు ఉంచి, మెత్తబడిన బంకను గీకి తీశాను.

మూడో రోజు ఫోను మోగింది. ఒక ముక్కను ఉంచవలసినదానికన్నా ఎక్కువసేపు ఉంచేశాను. తీసి చూస్తే వెనకవైపు ఒక చిన్న గూడు నీడ అంచున మూడు మిల్లీమీటర్ల మేర లేత గోధుమ చాయ పాకింది. ఇనుము చెమ్మతోపాటు బయటకు నడిచింది. ముందువైపు ఏమీ కనబడదు. అయినా అది నా చేతి మరక, ఇక పోదు. నివేదికలో కొలతతో సహా రాసి ఫొటో జతచేశాను. ఆ రోజు నుంచి పని చేసేటప్పుడు ఫోను పక్క గదిలో ఉంటోంది.

ఆ అనుభవం తరువాత సిరా మందంగా ఉన్న చోట్ల జెల్ పెట్టలేదు. ద్వారం చీకటి వెనక అట్ట చివరి పొరను అలాగే వదిలేశాను, అగ్గిపెట్టె కన్నా కొంచెం చిన్న ద్వీపంలా. చూడటానికి అందంగా లేదు. పగిలిన ముక్కలను ఇన్నాళ్లూ కలిపి పట్టుకున్నది ఆ పొరే. పలచబడ్డాక దాని లాగుడు కూడా పోయింది. అందుకే ఉండనిచ్చాను.

అట్ట పోయాక కాగితాన్ని మొదటిసారి వెలుతురుకు ఎదురుగా పెట్టి చూడగలిగాను. వృత్తంలో లంగరు, పైన నక్షత్రం. కాగితపు మిల్లువాళ్లు తమ జల్లెడకు తీగతో కుట్టే గుర్తు. ఈ రకం 16వ శతాబ్దపు వెనిస్ ప్రాంతపు కాగితాల్లో తరచుగా కనబడుతుంది. కాగితం ప్రయాణం చేస్తుంది కాబట్టి గుర్తు చూసి గీసిన ఊరు చెప్పలేం. గీసినది రోములోనేనని గుడ్డిగా అనుకోనక్కరలేదని మాత్రం చెప్పవచ్చు.

భవనంతో పొత్తు కుదరలేదు

యజమాని ఒక కోరిక కోరారు. పగుళ్లలో తెగిపోయిన గీతలు నాలుగైదు ఉన్నాయి. ‘మీ చెయ్యి తిరిగిన చెయ్యి కదా, వాటిని కలిపేయండి. ఎవరికి తెలుస్తుంది?’ అన్నారు. ‘కెమెరాకు తెలుస్తుందండి. మీ తాతల కాలంలో కలిపినవాడిది నాకు తెలిసిపోలేదా?’ అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నారు. అయినా తెగిన గీత నిజంగా ఎటు పోవాలో తెలిస్తే అతుకు కాగితాన్ని సరిగ్గా అమర్చడానికి పనికొస్తుందని, ఫొటో ఒకటి అచ్చు తీసుకుని పాంథియన్‌కు వెళ్లాను. 2023 జులై నుంచి లోపలికి టిక్కెట్టు పెట్టారు, రోములో నివసించేవారికి మాత్రం ఉచితం. వరుసలో నిలబడటం నాకూ తప్పలేదు.

గర్భాలయం ముందు నిలబడి ద్వారం నుంచి ఒక పక్కకు లెక్కపెట్టుకుంటూ వెళ్లాను. చిన్న మందిరం, పెద్ద గూడు, చిన్న మందిరం, పెద్ద గూడు. కాగితం మీద లెక్క ముందే అయిపోయింది. రెండోసారీ అంతే. గోడలో ఒక విభాగం మొత్తం చిత్రంలో లేదు. రెండు వైపులా గీతలు చక్కగా కలిసిపోయి ఉన్నాయి కాబట్టి ఇన్ని నెలలుగా ముఖం దగ్గర పెట్టుకుని పని చేసినా నా కంటికి ఆనలేదు.

ఈ రంగంలో ఉన్నవారికి ఇది తెలిసిన సంగతే. ఉఫీజీలోని రఫాయెల్ చిత్రంలోనూ ఇలాగే ఒక విభాగం లేదు. స్పెయిన్‌లోని ఎస్కోరియల్ గ్రంథాలయంలో ఉన్న నాటి చిత్రాల పుస్తకంలోని పాంథియన్ దృశ్యంలోనూ అదే లోపం. ఇద్దరు మనుషులు భవనాన్ని విడివిడిగా చూసి సరిగ్గా ఒకే చోట తప్పు చేయడం జరగని పని. ఒకటి ఇంకోదాన్ని చూసి గీసినదైనా కావాలి, రెంటికీ వెనక ఇంకో చిత్రమైనా ఉండాలి. జాన్ షియర్‌మన్ అనే కళాచరిత్రకారుడు 1977లో ఈ ముడిని వివరంగా చర్చించాడు. రఫాయెల్ కాగితంలో రెండు చేతుల పని ఉందన్నది ఆయన వాదన.

నా బల్ల మీద ఉన్న కాగితం ఆ కుటుంబంలో ఇంకో బిడ్డ అన్నమాట. గీసినవాడు పాంథియన్‌లో అడుగుపెట్టి ఉండవచ్చు, లేకపోవచ్చు. ఈ గీతలు మాత్రం భవనాన్ని చూసి గీసినవి కావు, ఇంకో కాగితాన్ని చూసి గీసినవి. అలా అనుకున్నాక గంటం గీతలకు కూడా అర్థం దొరికింది. ఎదురుగా భవనం ఉన్నవాడు నిలువులను తడుముకుంటూ వేస్తాడు, దిద్దుకుంటాడు. ఇక్కడ ఒక్క నిలువు కూడా జరిపిన జాడ లేదు. ముందే కుదిరిన కొలతలను ఎత్తి రాసుకున్న చేయి అది. ఆ రోజు నీళ్లలో ముంచి ఉంటే ఈ మాట అనడానికి ఆధారం మిగిలేది కాదు.

ఇంకొక మాట, కొంచెం పక్కదారి. చిత్రంలోని నడిమి అంతస్తులో చదునైన సన్నని స్తంభాల వరుస ఉంది. ఇప్పుడు పాంథియన్‌లో తల ఎత్తితే అక్కడ పెద్ద పెద్ద చట్రాలు కనబడతాయి. 1747లో మొదలైన మరమ్మతుల్లో పాత అలంకరణను తీసేశారు. ఆ తరువాత ఎప్పుడో, 20వ శతాబ్దంలో, ఒక చిన్న భాగాన్ని మాత్రం పాత రూపానికి తెచ్చారు. కాబట్టి మూలచిత్రం 1747కు ముందుదని తేలుతుంది. నకలుకు ఆ సాక్ష్యం చెల్లదు, నకలు ఎప్పుడైనా తీయవచ్చు. దాని వయసుకు కాగితం, సిరాలే దిక్కు. ఆ సన్నని స్తంభాలు కింది స్తంభాలకు సూటిగా రాకపోవడం రినైసాన్స్ కాలపు (15, 16 శతాబ్దాల) వాస్తుశిల్పులకు కంట్లో నలుసులా ఉండేది. వారిలో ఒకడైన ఫ్రాంచెస్కో ది జార్జియో తన చిత్రంలో వాటిని సూటిగా జరిపి ప్రాచీనుల ‘తప్పు’ దిద్దాడు. పాంథియన్‌ను ఉన్నదున్నట్టు గీసినవారు ఆ కాలంలో తక్కువే, అందరికీ దాంతో ఏదో ఒక పేచీ.

అతుకులు

అతుకులకు చదరపు మీటరుకు నాలుగు గ్రాములు కూడా తూగని జపాన్ కాగితం వాడాను. దాని మీద ముందుగానే జెలటిన్ పూసి ఆరనిచ్చి, సన్నని పట్టీలుగా చించుకున్నాను. పట్టీని చెమ్మపట్టిన అద్దుడు కాగితం మీద ఒక్క క్షణం ఆనిస్తే జెలటిన్ మాత్రం జిగటబడుతుంది, చిత్రానికి నీరు చేరదు. గోధుమ గంజి వాడకపోవడానికి కారణం ఇదే, దానికి తడి ఎక్కువ కావాలి. జెలటిన్ విడి ఇనుమును కొంత పట్టి ఉంచుతుందన్నది అదనపు లాభం. పగుళ్లకు వెనక నుంచి పదిహేడు పట్టీలు పడ్డాయి. కంతకు ముందువైపు ఏమీ వేయలేదు. వెనక మాత్రం అదే రకం కాగితాన్ని గోధుమ చాయకు అద్ది ఆనించాను. దూరం నుంచి చూస్తే కన్ను ఆగదు, దగ్గరికి వస్తే ఖాళీ ఖాళీగానే తెలుస్తుంది. మసి సిరాతో గీసిన స్తంభాన్ని ముట్టుకోలేదు. అది కూడా ఈ కాగితానికి జరిగిన చరిత్రే, కాకపోతే కాస్త వికారమైన చరిత్ర.

ఇప్పుడు చిత్రం ఆమ్లం లేని అట్ట చట్రంలో, జపాన్ కాగితపు చిన్న మడతల మీద వేలాడుతోంది. గాలిలో తేమ 45 నుంచి 50 శాతం మధ్య ఉండాలని, గోడకు పెడితే వెలుతురు 50 లక్స్ దాటకూడదని, ఏడాదికి మూడు నెలలకు మించి పెట్టవద్దని రాసిచ్చాను. రెండేళ్లకొకసారి తెచ్చి చూపించమన్నాను.

కాగితాన్ని తీసుకెళ్లడానికి వచ్చిన రోజు రఫాయెల్ సంగతి పెద్దాయనే ఎత్తారు. లేని విభాగం గురించి చెప్పి, మూడు చిత్రాల ఫొటోలు పక్కపక్కన పెట్టి చూపించాను. చాలాసేపు చూశారు. ‘అయితే దీన్ని గీసినవాడు రఫాయెల్ కాగితాన్ని చూశాడంటారా?’ అన్నారు. ‘దాన్నైనా, దాని అన్నదమ్ముల్లో ఒకదాన్నైనా’ అన్నాను. ఆయనకు అది చాలినట్టే ఉంది.

పని జరిగినన్నాళ్లూ ద్వారం దగ్గర రాలిన పొట్టును సన్నని కుంచెతో ఎత్తి దాచాను. ఎక్కడా అమరనంత చిన్నవి, ఆవగింజలో సగం ఉంటాయి. గ్లాసిన్ అనే నున్నని పలచని కాగితపు కవరులో వేసి చట్రం వెనక జేబులో పెట్టాను. కవరు మీద తేదీ వేసి, కింద ‘ద్వారం లోపలి చీకటి, ఎడమ పక్క’ అని రాశాను.